సర్వర్ విశాఖలో, కాగితం గుణుపురంలో: ప్రింట్ దారిని ఏ పద్ధతిలో టెస్ట్ చేస్తే నమ్మొచ్చు?

మాది రాయగడ. ఒక డిస్ట్రిబ్యూషన్ సంస్థలో కంప్యూటర్లు, నెట్‌వర్కు, ప్రింటర్లు చూసుకోవడం నా పని. బిల్లులు, లెక్కలు నడిపే ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్ సర్వర్ విశాఖపట్నంలో ఉంటుంది, బ్రాంచీలేమో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురంలో ఉన్నాయి. గుణుపురంలో అకౌంటెంట్ బిల్లు కొడతాడు, ప్రింటర్ అతని మోచేతి పక్కనే ఉంటుంది, కానీ ఆ బిల్లు విశాఖలో తయారై, వీపీఎన్ టన్నెల్‌లో (ఇంటర్నెట్ మీదే ఆఫీసుల మధ్య వేసుకున్న ప్రైవేటు దారి) పడి, రాష్ట్రం దాటి వచ్చి ఆ మోచేతి పక్కనున్న మెషీన్‌లోకి దిగాలి. మధ్యలో ఎక్కడ తేడా వచ్చినా అతనికి కనిపించేది ఒక్కటే, కాగితం రాలేదు.

ఆఫీసులో కూర్చుంటే ఇది చిన్న విషయమే, గోడౌన్ దగ్గర నిలబడితే కాదు. సరుకు అమ్మితే ఇన్వాయిస్ మూడు కాపీలు తీయాలి, ఒరిజినల్ కొన్నవాళ్లకి, డూప్లికేట్ ట్రాన్స్‌పోర్టర్‌కి, మూడోది మనకి. రాయగడలో ఎక్కించిన లోడు పార్వతీపురం వెళ్తోందంటే రాష్ట్రం మారుతోంది, విలువ 50 వేల రూపాయలు దాటితే ఈ-వే బిల్లు కూడా ఉండాలి. లోడింగ్ అయిపోయి, తాడు బిగించి, డ్రైవర్ టీ కూడా తాగేశాక ఒక్క ప్రింట్ కోసం గంటసేపు బండి ఆగితే ఆ టెన్షన్ అంతా బ్రాంచిలో కూర్చున్న కుర్రాడి మీద పడుతుంది, తప్పు అతనిది కాకపోయినా సరే. అందుకే ఈ దారిని ముందే టెస్ట్ చేసి ఉంచాలని నాకు అంత పట్టుదల.

టెస్ట్ చేసే పద్ధతులు నాలుగైదు ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో సంగతి చెబుతుంది, మిగతాది చెప్పదు. పేచీ ఎక్కడ వస్తుందంటే, చేతికి సులువుగా అందిన టెస్ట్ చేసేసి, అది చెప్పని సంగతి కూడా చెప్పినట్టే నమ్మేస్తాం. నా లెక్క ఇది: ఎక్కడి నుంచి పంపుతున్నాం, ఏ యూజర్‌తో పంపుతున్నాం, ఏ డాక్యుమెంట్ పంపుతున్నాం, ఈ మూడూ అసలు పనిలో ఉన్నట్టే ఉండాలి. ఇందులో ఒక్కటి మారినా అది సగం టెస్టే. సగం టెస్టులు పనికిరావని కాదు, చాలా పనికొస్తాయి, కానీ ఏది సగమో తెలిసి వాడాలి.

ముందు మీది ఏ దారో చూసుకోండి

దారిని బట్టే టెస్టు. మా ప్రాంతంలో బ్రాంచీలకి వేసే దారులు మూడు రకాలు.

ఒకటి, సర్వర్ నుంచి నేరుగా ప్రింటర్ ఐపీ అడ్రస్‌కి (నెట్‌వర్క్‌లో దాని నంబరు). ఇందులో 9100 పోర్టు (పోర్టంటే మెషీన్‌కి ఒక్కో పనికి ఉండే నంబరు తలుపు) అన్నిటికన్నా సాదా, కనెక్షన్ తెరిచి డేటా పోసేయడమే, ముందూ వెనకా మాటల్లేవు. ఎల్‌పీడీ అనే పాత పద్ధతి 515 పోర్టు మీద నడుస్తుంది, దాని రూల్స్ 1990లో రాసినవి. అందులో క్యూ (ప్రింట్లు నిలబడే వరస) పేరు తప్పనిసరి, ఆ పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా కొన్ని మెషీన్లు జాబ్‌ని (ఒక్కో ప్రింట్ పనిని) తీసుకోవు. ఇంకో చిక్కు ఏమిటంటే, పంపేవాళ్లు తమ వైపు 721 నుంచి 731 లోపు పోర్టే వాడాలని ఆ రూల్స్‌లో ఉంది, అంటే మొత్తం పదకొండే. ఒకసారి వాడిన పోర్టు కాసేపటిదాకా మళ్లీ దొరకదు కాబట్టి, ఆ రూలు కచ్చితంగా పాటించే పాత సాఫ్ట్‌వేర్‌లో వెంటవెంటనే చిన్న చిన్న జాబ్‌లు పంపితే పదకొండు వెళ్లి పన్నెండోది ఆగుతుంది. ఒక్క పేజీ పంపి చూసేవాళ్లకి ఇది జన్మలో బయటపడదు. మూడోది ఐపీపీ, 631 పోర్టు, 1999లో మొదటి రూపం వచ్చింది, ప్రింటర్‌ని 'జాబ్ ఎంతదాకా వచ్చింది' అని అడిగి జవాబు తెచ్చుకోగలదు. రెండు వైపులా సపోర్టు ఉంటే కొత్త లేజర్ ప్రింటర్లకి నేను ఐపీపీకే ఓటు వేస్తాను, లేకపోతే 9100. ఎల్‌పీడీ వేరే గతి లేనప్పుడే.

రెండో రకం దారి, బ్రాంచిలో ఒక పీసీ మధ్యవర్తిగా ఉండటం. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు ఉన్నచోట దాదాపు ఇదే చేయాలి, ఎందుకంటే కార్బన్‌లెస్ మూడు పొరల కాగితం మీద కొట్టే ఆ మెషీన్లకి చాలావాటికి నెట్‌వర్క్ పోర్టే ఉండదు, యూఎస్‌బీ లేదా పాత పారలల్ కేబులే. ఎస్‌ఏపీ వాళ్ల శాప్‌స్ప్రింట్ అనే సర్వీసు ఆ పీసీలో పెడితే అది 515 మీద వింటూ ఉండి, వచ్చిన జాబ్‌ని విండోస్ ప్రింటర్‌కి అందిస్తుంది. బాగా పనిచేస్తుంది, షరతు ఒక్కటే, ఆ పీసీ ఆన్‌లో ఉండాలి. సాయంత్రం షట్టర్ దించేటప్పుడు స్విచ్‌బోర్డు దగ్గర అన్నీ ఆపేయడం మనకి చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు, మంచి అలవాటే, కానీ రాత్రి నడిచే జాబ్‌ల ప్రింట్లు పొద్దుట దాకా సర్వర్‌లోనే పడి ఉంటాయి.

మూడో రకం దారి ఫ్రంటెండ్ ప్రింటింగ్. యూజర్ తన పీసీలో ఎస్‌ఏపీ స్క్రీన్ తెరిచి ఉండగా అతని పీసీకి ఉన్న ప్రింటర్‌కే కొట్టడం. సెటప్ చాలా తేలిక, ఎక్కడికి వెళ్లినా పనిచేస్తుంది, కానీ బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌కి పనికిరాదు, ఆ సమయంలో లాగిన్ అయి ఉన్న యూజర్ స్క్రీన్ ఉండదు కదా. దీన్ని నేను ఎమర్జెన్సీకే ఉంచుతాను.

ఈ మూడూ కాక విండోస్ షేరింగ్ దారి కూడా ఉంది, 445 పోర్టు. 2021 జూలైలో ప్రింట్‌నైట్‌మేర్ అనే సెక్యూరిటీ లోపం బయటపడ్డాక, ఆగస్టు అప్‌డేట్‌తో షేర్ ప్రింటర్ డ్రైవర్ వేయడానికి అడ్మిన్ హక్కు తప్పనిసరి అయింది. కొత్తగా ఈ దారి వేసుకోమని ఎవరికీ చెప్పను.

పింగ్, పోర్టు: రెండు నిమిషాల పని

అందరం మొదట చేసేది ఇదే, చేయాలి కూడా. పింగ్ (అడ్రస్‌కి 'ఉన్నావా' అని పంపే పలకరింపు) జవాబు వస్తే ఆ అడ్రస్ మీద ఏదో ఒక మెషీన్ బతికి ఉందని తెలుస్తుంది, అంతకుమించి ఏమీ తెలియదు. అది మీ ప్రింటరే అని కూడా తెలియదు. ఒక వానాకాలం కరెంటు పోయి వచ్చాక మా పర్లాకిమిడి ప్రింటర్‌కి డీహెచ్‌సీపీ (మెషీన్లకి అడ్రస్‌లు పంచే ఏర్పాటు) వేరే అడ్రస్ ఇచ్చింది, దాని పాత అడ్రస్ ఎవరి ఫోన్‌కో వెళ్లింది. పింగ్ చక్కగా వస్తోంది, మేం పూట పొడుగునా ప్రింటర్ తప్పనుకుని దాన్నే తిప్పి తిప్పి చూశాం. ఆ రోజు నుంచి ప్రతి ప్రింటర్‌కీ అడ్రస్ మారకుండా రౌటర్‌లో రిజర్వేషన్ పెట్టి, అడ్రస్ స్టిక్కర్ మీద రాసి ప్రింటర్ నెత్తిన అంటిస్తున్నాం.

పింగ్ కన్నా పోర్టు టెస్ట్ మేలు. విండోస్ సర్వర్ అయితే పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్, లైనక్స్ అయితే నెట్‌క్యాట్ కమాండ్. పోర్టు తెరుచుకుందంటే మధ్యలో ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ కాపలా) అడ్డు లేదని అర్థం. కానీ ఈ టెస్ట్ మీ లాప్‌టాప్ నుంచి చేస్తే ఉపయోగం లేదు, సర్వర్‌లోకి వెళ్లి చేయాలి. మీ లాప్‌టాప్‌కి ఒక రూలు, సర్వర్ సెగ్మెంట్‌కి ఇంకో రూలు ఉండొచ్చు. ఎస్‌ఏపీలో అప్లికేషన్ సర్వర్లు రెండు మూడు ఉంటే, వాటిలో స్పూల్ పని (ప్రింట్లని వరసలో పెట్టి పంపడం) చేసే ప్రతి సర్వర్ నుంచీ చూడాలి. ఒకదాని నుంచి వెళ్లి ఇంకోదాని నుంచి వెళ్లకపోతే, కొన్ని బిల్లులు వస్తూ కొన్ని రాకుండా ఉంటాయి, పిచ్చెక్కించే తప్పు అది, ఎందుకంటే ఎవరు ఫోన్ చేసినా 'ఇప్పుడే వచ్చింది సార్' అనేవాళ్లు పక్కనే ఇంకొకరు ఉంటారు.

ఒక జాగ్రత్త. 9100 పోర్టు మీద ఏది పడినా ప్రింటర్ దాన్ని అచ్చు వేయాల్సిన డేటా అనుకుంటుంది. ఎన్‌మ్యాప్ లాంటి నెట్‌వర్క్ స్కానర్ వెర్షన్ గుర్తించేటప్పుడు 9100 నుంచి 9107 దాకా పోర్టుల్ని మామూలుగా వదిలేసేది ఇందుకే. వేరే టూల్‌తో ఇష్టమొచ్చినట్టు తడిమితే బ్రాంచిలో చెత్త అక్షరాలతో కాగితాలు వచ్చి పడతాయి.

ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) నుంచి టెస్ట్ పేజీ

సర్వర్ మీద లైనక్స్ ఉంటే ఎల్‌పీ కమాండ్‌తో, విండోస్ అయితే ప్రింటర్ ప్రాపర్టీస్‌లో టెస్ట్ పేజీ బటన్‌తో. ఇది క్యూ, డ్రైవర్, నెట్‌వర్క్ మూడింటినీ కలిపి చూస్తుంది కాబట్టి పోర్టు టెస్ట్ కన్నా ఒక మెట్టు పైన. అయినా ఎస్‌ఏపీ ఇందులో ఉండదు, అసలు ఇన్వాయిస్ కూడా ఉండదు.

గుణుపురంలో నేను దెబ్బతిన్నది ఇక్కడే. కొత్త లైన్ వచ్చింది, రౌటర్ మార్చాం, సర్వర్ నుంచి ఒక్క లైను టెక్స్ట్ పంపాను, వచ్చింది. రెండో లైను, వచ్చింది. లైన్ బాగుందని రాసేసి రాయగడ వచ్చేశాను. మర్నాడు నెలాఖరు, సాయంత్రం ఐదింటికి ఫోను.

"అన్నయ్యా, లైటు కొట్టుకుంటంది గానీ కాగితం రాట్లేదు."

"ట్రే తీసి మళ్లీ పెట్టు తమ్ముడూ."

"మూడుసార్లు పెట్టేశాను. లోపల చప్పుడు కూడా లేదు. ఆకుపచ్చ లైటు అలా కొట్టుకుంటానే ఉంది."

సర్వర్‌లో చూస్తే జాబ్ 'ప్రాసెసింగ్'లో ఉంది. వెనక పదిహేడు ఇన్వాయిస్‌లు వరసలో. పింగ్ వస్తోంది, ఆ జాబ్‌ని పక్కన పెడితే 9100 తెరుచుకుంటోంది, ఒక్క లైను టెక్స్ట్ మళ్లీ పంపితే ఇప్పటికీ వస్తుంది. లోగో ఉన్న ఇన్వాయిస్ మాత్రం కదలదు. అసలు సంగతి ఏమిటంటే, మామూలు నెట్‌వర్క్‌లో ఒక ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉండొచ్చు, వీపీఎన్ టన్నెల్ తన తొడుగు వేసుకోవడానికి అందులో కొంత తినేస్తుంది. సర్వర్ నిండు ప్యాకెట్ పంపుతోంది, అది టన్నెల్‌లో పట్టట్లేదు, 'చిన్నది చేసి పంపు' అని చెప్పే సందేశాన్ని మధ్యలో ఫైర్‌వాల్ ఆపేస్తోంది. ఒక్క లైను టెక్స్ట్ చిన్న ప్యాకెట్, అందుకే దూరిపోయింది. ఇన్వాయిస్‌లో ప్రతి ప్యాకెట్టూ నిండుదే, అందుకే ఒక్కటీ దాటలేదు.

దీన్ని పట్టుకునే పద్ధతి చెబుతాను, చాలామందికి పనికొస్తుంది. ముక్కలు చేయొద్దు అనే గుర్తు పెట్టి పింగ్ పంపాలి, విండోస్‌లో ఎఫ్, ఎల్ అనే ఆప్షన్లు కలిపి. 1472 తో మొదలుపెట్టండి, హెడర్ (ప్యాకెట్ ముందు చేరే వివరాలు) 28 బైట్లు కలిపితే సరిగ్గా 1500. పోకపోతే తగ్గించుకుంటూ రండి. మాకు 1372 దగ్గర వెళ్లింది, అంటే దారి వెడల్పు 1400. అందులోంచి హెడర్లకి 40 తీసేస్తే 1360. రౌటర్‌లో టీసీపీ ఎంఎస్ఎస్‌ని (ఒక ప్యాకెట్‌లో పట్టే డేటా పరిమితిని) 1360కి బిగించాక ఆగిన పదిహేడు ఇన్వాయిస్‌లూ వరసగా వచ్చాయి. ఆ అబ్బాయి ఫోన్ పెట్టకుండా ఒక్కోటీ లెక్కపెట్టి చెప్పాడు.

అప్పటి నుంచి ఓఎస్ టెస్ట్ అంటే నాకు ఒక్క లైను కాదు. లోగో ఉన్న పేజీ ఒకటి, ముప్పై నలభై పేజీల స్టాక్ స్టేట్‌మెంట్ ఒకటి, ఈ రెండూ పంపితేనే టెస్ట్ చేశాను అంటాను.

విండోస్ వాడేవాళ్లకి ఇంకో రెండు మాటలు. స్టాండర్డ్ టీసీపీ-ఐపీ పోర్టులో ఎస్ఎన్ఎంపీ స్టేటస్ (ప్రింటర్‌ని 'ఎలా ఉన్నావు' అని అడగడం) అనే టిక్ ఉంటుంది, ఆ జవాబు టన్నెల్ దాటి రాకపోతే ప్రింటర్ బాగానే ఉన్నా 'ఆఫ్‌లైన్' అని చూపిస్తుంది. ముందు ఆ టిక్ తీసి చూడండి. రెండోది, ఈవెంట్ వ్యూయర్‌లో ప్రింట్ సర్వీస్ ఆపరేషనల్ లాగ్ మామూలుగా ఆపేసి ఉంటుంది, దాన్ని ఆన్ చేసుకుంటే ప్రతి ప్రింట్‌కీ 307 నంబరుతో ఒక ఎంట్రీ పడుతుంది, ఏ యూజర్, ఏ ప్రింటర్, ఎన్ని పేజీలు అన్నీ. తర్వాత గొడవ వచ్చినప్పుడు ఇది సాక్ష్యం. లైనక్స్‌లో కప్స్ (ప్రింట్లు నడిపే సాఫ్ట్‌వేర్) వాడితే, ఒక్క జాబ్ ఫెయిలైనా క్యూ మొత్తాన్ని ఆపేసే సెట్టింగ్ చాలాచోట్ల ఉంటుంది. మీ టెస్ట్ ఫెయిలై క్యూ ఆగిపోయి, మీరు దాన్ని మళ్లీ ఎనేబుల్ చేయకుండా వెళ్లిపోతే, ఆ తర్వాత అసలు బిల్లులన్నీ మీ టెస్ట్ వెనకాలే నిలబడతాయి.

అసలు అప్లికేషన్ నుంచే పంపడం

నా ఓటు దీనికి. బ్రాంచి యూజర్ హక్కులతో, అసలు ఇన్వాయిస్ ఫారంతో, ఎస్‌ఏపీ నుంచే. టైమ్ ఎక్కువ పడుతుంది, టెస్ట్ డేటా కావాలి, బిల్లింగ్ వాళ్లని బతిమాలుకోవాలి. అయినా మిగతా ఏ పద్ధతిలోనూ దొరకని తప్పులు దీంట్లో దొరుకుతాయి.

ఉదాహరణకి అక్షరాలు. మా దగ్గర కస్టమర్ల పేర్లు కొన్ని ఒడియాలో, కొన్ని తెలుగులో ఉంటాయి, అంకెల పక్కన రూపాయి గుర్తు ఉంటుంది. ఆ గుర్తు 2010లో వచ్చింది, అంతకుముందు తయారైన ప్రింటర్ల సొంత ఫాంట్లలో అది ఉండే వీల్లేదు. ఎస్‌ఏపీలో డివైస్ టైప్ (ప్రింటర్ ఏ రకమో చెప్పే సెట్టింగ్) తప్పుగా పెడితే ఒడియా పేరు ఉండాల్సిన చోట హ్యాష్ గుర్తులు వరసగా పడతాయి. విండోస్ టెస్ట్ పేజీ మాత్రం అదే ప్రింటర్ మీద అద్దంలా వస్తుంది, ఎందుకంటే అందులో ఒడియా లేదు. ఎస్‌ఏపీలో ప్రింట్ల సంగతి చూపే ఎస్‌పీ01 స్క్రీన్‌లో దీని స్టేటస్ 'ప్రాబ్లమ్' అని రావొచ్చు. 'ఎర్రర్' అంటే అచ్చు కాలేదని, 'ప్రాబ్లమ్' అంటే అచ్చయింది గానీ అక్షరాల్లాంటి చోట ఏదో తేడా ఉందని. చాలామంది 'ఎర్రర్' లేదు కదా అని వదిలేస్తారు, వదలకండి, ఆ కాగితం తెప్పించి చూడండి.

'కంప్లీట్' అన్న మాటని కూడా మరీ నమ్మకండి. జాబ్‌ని అవతలి సిస్టమ్‌కి అప్పగించాక స్టేటస్ అడగొద్దు అనే సెట్టింగ్ ఎస్‌ఏపీలో ఉంది, స్పీడ్ కోసం పెడతారు. అది పెట్టి ఉంటే 'కంప్లీట్' అంటే ఇక్కడి నుంచి బయల్దేరింది అనే తప్ప అక్కడ దిగింది అని కాదు. పెళ్లికూతురి అత్తవారింటికి సారె పంపించి, బండి వీధి మలుపు తిరగ్గానే చేరిపోయిందనుకోవడం లాంటిది.

ఇంకోటి, స్పూల్ వర్క్ ప్రాసెస్‌లు సర్వర్‌లో కొన్నే ఉంటాయి. నిదానంగా ఉన్న ఒక బ్రాంచి ప్రింటర్ ఒకదాన్ని పట్టుకుని కూర్చుంటే మిగతా బ్రాంచీల బిల్లులు కూడా వెనకబడతాయి. కాబట్టి గుణుపురం ప్రింటర్ టెస్ట్ చేసేటప్పుడు కావాలనే దాన్ని స్విచాఫ్ చేయించి, అప్పుడు బరంపురం బిల్లు ఎంతసేపట్లో వస్తోందో చూడండి. మంచి మెషీన్‌తో మంచి టైమ్‌లో చేసిన టెస్ట్ ఈ సంగతి చెప్పదు.

కాగితం ఖర్చు లేకుండా: ఉత్తుత్తి ప్రింటర్

మూడు పొరల కాగితం ఖరీదైనది, లేబుల్ రోల్ ఇంకా ఖరీదైనది. వందల జాబ్‌లు పంపి చూడాలంటే కాగితం మీద చూడలేం. అప్పుడు బ్రాంచిలో ఒక లాప్‌టాప్ పెట్టి, 9100 మీద నెట్‌క్యాట్‌తో వినమని చెప్పి, వచ్చిన డేటాని ఫైల్‌లో పోయించుకోవచ్చు. ఎస్‌ఏపీలో టెస్ట్ ప్రింటర్ అడ్రస్‌గా ఆ లాప్‌టాప్ అడ్రస్ ఇవ్వాలి. పంపిన సైజు, అందిన సైజు ఒకటేనా చూడొచ్చు. ఫైల్ మొదటి అక్షరాలు చూస్తే ఏ ప్రింటర్ భాషలో వచ్చిందో కూడా తెలిసిపోతుంది, శాతం గుర్తు, ఆశ్చర్యార్థకం, పీఎస్ అని ఉంటే పోస్ట్‌స్క్రిప్ట్, ఎస్కేప్ క్యారెక్టర్ పక్కన ఇంగ్లీషు E అక్షరం ఉంటే పీసీఎల్. పోస్ట్‌స్క్రిప్ట్ అర్థంకాని ప్రింటర్‌కి అది పంపితే పేజీలకి పేజీలు పిచ్చిరాతలు వస్తాయి, ఆ కాగితమంతా దండగ కాకుండా ముందే పట్టుకోవచ్చు. లేబుల్ ప్రింటర్‌కీ అంతే, దాని కమాండ్లు డ్రైవర్ చేతిలో పడి మామూలు టెక్స్ట్ అయిపోతే బార్‌కోడ్ బదులు కమాండ్లే లేబుల్ మీద అచ్చవుతాయి.

లాప్‌టాప్ వద్దనుకుంటే విండోస్ క్యూని పాజ్ చేసి, ప్రింటైన డాక్యుమెంట్లు ఉంచుకో అనే టిక్ పెట్టినా సర్వర్ వైపు లెక్క తేలుతుంది, కాకపోతే నెట్‌వర్క్ దారి అందులో ఉండదు.

లోడ్ టెస్ట్‌కి ఉత్తుత్తి ప్రింటర్‌ని మించింది లేదు. కానీ ఇది అసలు ప్రింటర్ కన్నా ఓపికైనది, ఎంత వేగంగా పోసినా తీసుకుంటుంది. అసలు ప్రింటర్ 9100 మీద చాలావరకు ఒక్కో జాబే తీసుకుంటుంది, రెండోది బయట ఆగాలి. అందుకని వంద జాబ్‌లు ఉత్తుత్తి ప్రింటర్‌కి పంపాక, రెండు జాబ్‌లు ఒకేసారి అసలు దానికీ పంపండి.

బ్రాంచిలో ఎవరూ లేని టైమ్‌లో టెస్ట్ చేయాల్సి వస్తే పేజీ కౌంటర్ చూడండి. ప్రింటర్ తన జీవితంలో ఎన్ని పేజీలు వేసిందో లెక్క దాచుకుంటుంది, బ్రౌజర్‌లో దాని అడ్రస్ కొడితే కనిపిస్తుంది. టెస్ట్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. మూడు పేజీలు పంపితే మూడు పెరగాలి. రెండే పెరిగితే మూడోది ఎక్కడో ఉంది. అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో ఇది చెప్పదు, కాగితం కదిలిందని మాత్రం ఖాయంగా చెబుతుంది, 'కంప్లీట్' అనే మాట కన్నా నాకు దీని మీదే గురి.

ఏది ఎప్పుడు

కొత్త బ్రాంచి పెడుతున్నా, కొత్త ప్రింటర్ వచ్చినా అన్నీ చేయాలి, ఈ వరసలోనే. ముందు సర్వర్ నుంచి పోర్టు, తర్వాత లోగో పేజీ, తర్వాత ఎస్‌ఏపీ నుంచి అసలు ఇన్వాయిస్. వరస తప్పితే తప్పు ఏ మెట్టు మీద ఉందో తెలియక సగం రోజు పోతుంది. నెట్‌వర్క్ వాళ్లు రౌటరో ఫైర్‌వాలో మార్చారంటే పోర్టు, నిండు ప్యాకెట్ పింగ్, పెద్ద డాక్యుమెంట్ చాలు. ఎస్‌ఏపీలో ఫారం మార్చారంటే నెట్‌వర్క్ జోలికి వెళ్లక్కర్లేదు, ఒడియా, తెలుగు, రూపాయి గుర్తు ఉన్న ఒక ఇన్వాయిస్ ప్రతి రకం ప్రింటర్ మీదా తీయండి. నెలాఖరు రద్దీకి ముందు ఉత్తుత్తి ప్రింటర్‌తో లోడ్. కరెంటు పోయి వచ్చాక మాత్రం టెస్ట్ కాదు, ముందు అడ్రస్ చూడండి.

ఒకటి చాలామంది వదిలేస్తారు, మా వైపు అది వదలకూడదు: బ్యాకప్ లైన్. ఘాట్ రోడ్డు వెడల్పు పనిలో ఫైబర్ తెగడం ఇక్కడ వింత కాదు. తెగినప్పుడు రౌటర్ 4జీ సిమ్ మీదకి మారుతుంది, ఇంటర్నెట్ వస్తుంది, యూజర్లు ఎస్‌ఏపీలోకి లాగిన్ కూడా అవుతారు, ప్రింట్ మాత్రం రాదు. మొబైల్ నెట్‌వర్క్‌లో ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక చాలామంది ఉంటారు కాబట్టి విశాఖ సర్వర్ తనంతట తాను బ్రాంచి తలుపు తట్టలేదు, బ్రాంచి రౌటరే ముందు టన్నెల్ తెరిచి ఉంచాలి. సిమ్ మీద టన్నెల్ వెడల్పు కూడా ఫైబర్ అంత ఉండకపోవచ్చు. అందుకని ఫైబర్ కేబుల్ చేత్తో పీకేసి, సిమ్ మీద ఉండగా అసలు ఇన్వాయిస్ ఒకటి, పెద్ద స్టేట్‌మెంట్ ఒకటి పంపాలి. ఈ టెస్ట్ అడిగితే మేనేజర్లు భయపడతారు, ఆదివారం పెట్టుకుందాం అని ఒప్పించండి. బ్యాకప్ మీద కూడా ప్రింట్ రాకపోతే అప్పుడు ఫ్రంటెండ్ ప్రింటింగ్‌ని రెండో దారిగా అప్పటికప్పుడు వాడుకునేలా ప్రతి బ్రాంచిలో ఒక యూజర్‌కి నేర్పించి ఉంచండి.

జీతాల స్లిప్పులు, బ్యాంకు వివరాలు ఉన్న కాగితాలు టెస్ట్‌కి వాడొద్దు. దారి తప్పిన టెస్ట్ ఏ ఊళ్లో ఎవరి టేబుల్ మీద పడుతుందో చెప్పలేం.

నేను టెస్ట్‌కి వాడే ఇన్వాయిస్‌లో కింద మూలన చిన్న అక్షరాల్లో మూడు సంగతులు అచ్చయ్యేలా పెట్టించాను: ఏ సర్వర్ పంపింది, ఏ ప్రింటర్ పేరు మీద పంపింది, ఎన్ని గంటలకి. ఎస్‌ఏపీలో ప్రింటర్ పొట్టి పేరుకి నాలుగే అక్షరాలు, కాబట్టి ఊరి పేరు మూడు అక్షరాలు, నంబరు ఒకటి. టెస్ట్ పంపాక బ్రాంచికి ఫోన్ చేసి 'వచ్చిందా' అని అడగను, వచ్చిందనే అంటారు, పొద్దున వచ్చిన కాగితం చూసి కూడా అంటారు. కింద మూలన ఏముందో చదవమంటాను. గుణుపురం అబ్బాయి ఇప్పుడు నేను అడగక ముందే చదివేస్తున్నాడు, టైమ్‌తో సహా, పైన కస్టమర్ పేరు ఒడియాలో ఉంటే అది కూడా.